మొక్కల యాంటీఆక్సిడెంట్లు వెన్ను డిస్కుల దాకా చేరాలంటే ఏం చేయాలి

నడుం నొప్పితో ఎంఆర్ఐ తీయించుకున్నవాళ్ళ రిపోర్టులో తరచూ రెండు మాటలు కనిపిస్తాయి: డిస్క్ డెసికేషన్, డిస్క్ బల్జ్. మొదటిది డిస్కులో, అంటే వెన్నుపూసల మధ్య ఉండే మెత్తలో, తడి తగ్గిందని, రెండోది దాని అంచు బయటికి ఉబ్బిందని. ఆ కాగితం చేతికి రాగానే ఫోన్‌లో వెతుకులాట మొదలవుతుంది. పసుపులోని కర్క్యుమిన్, ఉల్లిలోని క్వెర్సెటిన్, గ్రీన్ టీలోని ఈజీసీజీ, ద్రాక్ష తొక్కలోని రెస్వెరట్రాల్ లాంటి యాంటీఆక్సిడెంట్లు డిస్కు కణాలను కాపాడతాయని ఎక్కడో చదువుతాం. ఆ పక్కనే క్యాప్సూల్స్ డబ్బా ప్రకటన ఉంటుంది.

చదివినదాంట్లో నిజం ఉంది. కాకపోతే ఆ పదార్థాలు కంచంలో ఉండటం ఒక ఎత్తు, డిస్కు నడిమధ్య ఉన్న కణానికి అందడం ఇంకో ఎత్తు. మధ్యలో ఉన్న దారిని బాగుచేసుకోకుండా మాత్రలు మింగితే డబ్బు దండగ. అందుకే ఇక్కడ ముందు దారి గురించి, తర్వాత తిండి గురించి, అన్నిటికన్నా చివర మాత్రల గురించి చెబుతాను.

అన్నిటికన్నా ముందు ఇది చూసుకోండి

ఇంటి చిట్కాలతో అసలు ఆగకూడని లక్షణాలు కొన్ని ఉన్నాయి. మూత్రం రాకుండా బిగిసిపోవడం, లేదా తెలియకుండానే పోవడం, మల విసర్జన మీద అదుపు తప్పడం, తొడల మధ్య, కూర్చునే చోట మొద్దుబారడం, రెండు కాళ్ళూ బలహీనపడటం. వీటిలో ఏ ఒక్కటి కనిపించినా వెంటనే ఎమర్జెన్సీకి వెళ్ళండి. వెన్ను చివర ఉన్న నరాల గుత్తి నలిగిపోతున్నప్పుడు ఇలా జరుగుతుంది, ఆలస్యమైన కొద్దీ నష్టం శాశ్వతమయ్యే ప్రమాదం పెరుగుతుంది. పాదం పైకి లేవక నడుస్తుంటే చెప్పు జారిపోతున్నా అదే రోజు డాక్టరుకు చూపించుకోవాలి. నడుం నొప్పితో పాటు జ్వరం ఉన్నా, కారణం లేకుండా బరువు తగ్గుతున్నా, గతంలో క్యాన్సర్ వచ్చి ఉన్నా, కింద పడిన తర్వాత నొప్పి మొదలైనా ఇంట్లో కూర్చోవద్దు.

ఇవేవీ లేకపోతే రిపోర్టు చూసి టెన్షన్ పడకండి. నడుం నొప్పి అసలే లేని వేలమంది స్కాన్లను కలిపి చూసిన ఒక సమీక్ష 2015లో వచ్చింది. ఇరవై ఏళ్ళ వాళ్ళలోనే 37 శాతం మందికి డిస్కు అరుగుదల కనిపించింది, ఎనభై ఏళ్ళ వాళ్ళలో 96 శాతం మందికి. అంటే నెరిసిన జుట్టులాగే ఇది కూడా వయసుతో వచ్చేదే, ప్రతి అరుగుదలా నొప్పి పెట్టదు. జారిన డిస్కు ముక్క కూడా చాలామందిలో నెలలు గడిచేసరికి దానంతట అదే కుంచించుకుపోతుంది.

డిస్కు ఎలా బతుకుతుందో ఒకసారి అర్థం చేసుకోండి

ఈ భాగం దాటేయకండి, తర్వాత చెప్పేవన్నీ దీని మీదే ఆధారపడ్డాయి. మన వెన్నులో 23 డిస్కులు ఉన్నాయి. ఒక్కో దానిలో బయట గట్టి పొరల చుట్టు, లోపల నీటిని పట్టి ఉంచే జిగురు గుజ్జు. ఆ గుజ్జును తయారుచేసేవి, మరమ్మతు చేసేవి అక్కడక్కడా చెదురుగా ఉండే కొద్దిపాటి కణాలే, మొత్తం డిస్కులో వాటి వాటా ఒక శాతం దరిదాపుల్లో ఉంటుంది.

పెద్దవాళ్ళ డిస్కు లోపలి గుజ్జులో రక్తనాళాలు లేవు. పైనా కిందా ఉన్న వెన్నుపూస ఎముకల్లోని సన్నని నాళాల నుంచి, మధ్యలో ఉన్న పల్చని మృదులాస్థి పలక గుండా, పోషకాలు ఇంకి లోపలికి రావాలి. నడుం డిస్కు నడిమధ్య ఉన్న కణానికి దగ్గరి రక్తనాళం ఆరు నుంచి ఎనిమిది మిల్లీమీటర్ల దూరంలో ఉంటుంది. కణం పరిమాణంతో పోలిస్తే అది చాలా దూరం. కాలువ చివర శివారు భూమి పరిస్థితి ఎలా ఉంటుందో ఈ కణాలదీ అదే. నీళ్ళు అందరికన్నా ఆఖర్న వస్తాయి, ఎగువన పూడిక పడితే మొదట ఎండేది వీళ్ళ చేలే.

ఇక యాంటీఆక్సిడెంట్లు ఎదుర్కొనేది ఆక్సిడేటివ్ స్ట్రెస్‌ను. అదేమిటి? కణం శక్తిని తయారుచేసుకునేటప్పుడు హైడ్రోజన్ పెరాక్సైడ్ లాంటి చురుకైన అణువులు కొన్ని పుడుతుంటాయి. మామూలుగా కణం దగ్గరున్న గ్లూటాథయోన్ అనే రక్షణ పదార్థం, కొన్ని ఎంజైములు వాటిని అణచేస్తాయి. వయసు, పొగ, అధిక చక్కెర, వాపు, మితిమీరిన ఒత్తిడి వల్ల అవి అదుపు తప్పితే డిస్కు కణం గుజ్జు తయారీ తగ్గించి, ఉన్న గుజ్జును కోసేసే ఎంజైములు వదలడం మొదలుపెడుతుంది. కొన్ని కణాలు ముందుగానే ముసలివైపోతాయి, కొన్ని చనిపోతాయి. గుజ్జు తగ్గితే నీరు పట్టదు. రిపోర్టులో ఎండిపోయిందని రాసేది ఆ డిస్కు గురించే.

ప్రయోగశాలలో పరిశోధకులు చేసేది ఇది: డిస్కు కణాలను గాజు పాత్రలో పెంచి, వాటి మీద హైడ్రోజన్ పెరాక్సైడ్ పోస్తారు. చాలా కణాలు చస్తాయి. అదే ముందుగా క్వెర్సెటిన్‌తోనో ఈజీసీజీతోనో తడిపి ఉంచితే తక్కువ చస్తాయి. కారణం కూడా చాలా వరకు తెలిసింది. ఈ మొక్కల పదార్థాలు ఎన్ఆర్ఎఫ్2 అనే ప్రోటీన్‌ను మేల్కొలుపుతాయి, అది కేంద్రకంలోకి వెళ్ళి కణం సొంత రక్షణ జన్యువులను ఆన్ చేస్తుంది. ఎలుకల తోక డిస్కును సూదితో గాయపరిచి చేసిన ప్రయోగాల్లోనూ అరుగుదల నెమ్మదించింది. మనుషుల్లో మాత్రం ఫలానా ఆహారంతో అరిగిన డిస్కు మళ్ళీ నిండిందని ఏ పరీక్షా నిరూపించలేదు. ఎవరైనా అలా అమ్ముతుంటే కొనకండి.

దారిలో పూడిక తీయండి: పొగ, చక్కెర

పొగ తాగేవాళ్ళు ముందు చేయాల్సింది ఆ ఒక్కటి మానడం. 1991లో ఫిన్లాండ్ కవలల మీద ఒక అధ్యయనం వచ్చింది. ఒకరు జీవితమంతా పొగ తాగి, మరొకరు తాగని ఒకేలాంటి కవలల నడుం డిస్కులను ఎంఆర్ఐలో పోల్చారు. జన్యువులు ఒకటే అయినా పొగ తాగినవాళ్ళ డిస్కుల్లో అరుగుదల సగటున 18 శాతం ఎక్కువ. నికోటిన్ సన్నని రక్తనాళాలను బిగిస్తుంది, పొగ నేరుగా ఆక్సిడేటివ్ భారాన్ని మోసుకొస్తుంది. బీడీ అయినా సిగరెట్ అయినా ఒకటే. గుట్కా, ఖైనీ నమిలినా నికోటిన్ రక్తంలోకి చేరుతుంది కాబట్టి వాటినీ ఇందులోనే లెక్కవేయండి. మానడం కష్టమైతే నికోటిన్ చూయింగ్ గమ్, కౌన్సెలింగ్ ఉన్నాయి. కేంద్ర ప్రభుత్వ హెల్ప్‌లైన్ 1800-11-2356కి ఫోన్ చేయొచ్చు.

షుగర్ ఉన్నవాళ్ళు హెచ్‌బీఏ1సీ, అంటే రెండు మూడు నెలల చక్కెర సగటు చెప్పే పరీక్షలో, ఎంత ఉందో చూసుకోండి. రక్తంలో గ్లూకోజు చాలాకాలం ఎక్కువగా ఉంటే అది ప్రోటీన్లకు అంటుకుని వాటిని గట్టిపరుస్తుంది. సన్నని నాళాలూ దెబ్బతింటాయి. పసుపు పాలలో బెల్లం దండిగా వేసుకుని తాగితే ఒక చేత్తో ఇచ్చి రెండో చేత్తో లాక్కున్నట్టే.

దారిని తెరిచి ఉంచేది నడక

పగలంతా మన బరువుకు డిస్కులు నీటిని కొంత వదులుతాయి, రాత్రి పడుకున్నప్పుడు మళ్ళీ పీల్చుకుంటాయి. సాయంత్రానికి మనిషి పొడవు ఒక సెంటీమీటరు పైగా తగ్గడానికి ప్రధాన కారణం ఇదే. పోషకాల రాకకు ఈ కదలిక కొంత సాయపడుతుందని భావిస్తారు. గంటల తరబడి కదలకుండా కూర్చుంటే డిస్కుకు ఆ సాయం అందదు.

ఆస్ట్రేలియాలో 2017లో చేసిన ఒక అధ్యయనంలో క్రమం తప్పక పరుగెత్తేవాళ్ళ డిస్కుల్లో తడి, కదలనివాళ్ళ కన్నా మెరుగ్గా కనిపించింది. అందులోనూ వేగపు నడకకు, మెల్లని పరుగుకు సరిపోయే కదలికే డిస్కుకు అన్నిటికన్నా అనుకూలంగా తేలింది. అదే దేశంలో మాక్వారీ యూనివర్సిటీ వాళ్ళు నడుం నొప్పి తగ్గిన 701 మందితో ఒక పరీక్ష జరిపి 2024లో ఫలితాలు ప్రకటించారు. ఫిజియోథెరపిస్టు సలహాతో నడక అలవాటు చేసుకున్నవాళ్ళకు నొప్పి తిరగబెట్టడానికి మధ్యస్థంగా 208 రోజులు పట్టింది, ఆ సలహా అందనివాళ్ళకు 112 రోజులు. ఏ క్యాప్సూల్‌కూ ఇంత గట్టి ఆధారం లేదు.

మీరు చేయాల్సింది: నొప్పి భరించగలిగేంత ఉంటే రోజూ పది నిమిషాలతో మొదలుపెట్టి, వారం వారం కొంచెం పెంచుతూ, వారానికి ఐదు రోజులు అరగంట చొప్పున నడిచే స్థితికి రండి. తొందర లేదు, ఆ పరీక్షలో కూడా అక్కడికి చేరడానికి ఆరు నెలల గడువు పెట్టుకున్నారు. ఎండాకాలంలో తెల్లవారుజామున నడవండి. కంప్యూటర్ ముందు పనిచేసేవాళ్ళు అరగంటకోసారి లేచి నీళ్ళకో, ఫోన్ మాట్లాడటానికో నాలుగడుగులు వేయండి.

నిద్ర లేచిన మొదటి గంట మాత్రం జాగ్రత్త. రాత్రి పీల్చుకున్న నీటితో డిస్కులు నిండుగా, బిగువుగా ఉంటాయి. అప్పుడు వంగితే ఒత్తిడి ఎక్కువ. లేవగానే వంగి ముగ్గు పెట్టడం, బకెట్లు ఎత్తడం, నడుం వంచే ఆసనాలు వేయడం కాస్త పొద్దెక్కాక పెట్టుకోండి.

బరువు ఎత్తే తీరు గురించి ఒక లెక్క చెప్పాలి. 1999లో జర్మనీలో ఒక వాలంటీర్ నడుం డిస్కులోకే సెన్సర్ పంపి కొలిచారు. ఒత్తిడిని కొలిచే మెగాపాస్కల్ లెక్కలో పడుకుంటే 0.1, నిలబడితే 0.5. దాదాపు 20 కిలోల పెట్టెను నడుం వంచి ఎత్తితే 2.3, మోకాళ్ళు మడిచి ఎత్తితే 1.7. మన ఇళ్ళలో మంచినీళ్ళ క్యాను సరిగ్గా ఆ బరువే. కాబట్టి డిస్పెన్సర్ మీదకి క్యాను ఎక్కించే పని మీ ఇంట్లో మీదే అయితే, కాళ్ళు ఎడంగా పెట్టి, మోకాళ్ళు మడిచి, క్యానును పొట్టకు ఆనించుకుని లేవండి, తిరగాల్సి వస్తే నడుం మెలితిప్పకుండా పాదాలతో తిరగండి. నొప్పి ఉన్న రోజుల్లో ఇంకొకరిని పిలవండి, లేదా క్యాను కిందే పెట్టి చేతి పంపు బిగించుకోండి.

ఇప్పుడు కంచం

హైదరాబాదులోని జాతీయ పోషకాహార సంస్థ 2024లో ఇచ్చిన ఆహార సూచనల ప్రకారం పెద్దవాళ్ళకు రోజుకు 400 గ్రాముల కూరగాయలు, ఆకుకూరలు, 100 గ్రాముల పండ్లు కావాలి. మన సగటు కంచంలో అన్నం గుట్టలా ఉంటుంది, కూర పక్కన నంజుకోవడానికి ఉంటుంది. ఈ కొలత మార్చడమే తిండిలో మీరు చేయగలిగిన పెద్ద పని. ఒకే మొక్క వెంటపడకుండా రంగులు మార్చి తినండి, ఎందుకంటే ఒక్కో మొక్కలో ఒక్కో రకం పదార్థం ఉంటుంది.

ఉల్లిపాయతో మొదలుపెడదాం. క్వెర్సెటిన్ బాగా దొరికేది, బాగా ఒంటికి పట్టేది ఉల్లిలోనే. అది ఎక్కువగా బయటి పొరల్లో ఉంటుంది. ఎండు తొక్క తీశాక దాని కింది ఎర్రటి కండ పొరను కూడా ఒలిచి పారేయడం మనకు అలవాటు, అది మానండి. పెరుగు పచ్చడిలోనో, సలాడ్‌లోనో పచ్చిగా కొంత తినండి. మునగాకులోనూ క్వెర్సెటిన్ ఉంది. ఆషాఢంలో ఒక్కసారి తినే మునగాకు పప్పును వారానికోసారి చేసుకోండి, లేదా నీడన ఆరబెట్టి పొడి కొట్టి పెట్టుకోండి.

పండ్లలో జామ, ఉసిరి. వంద గ్రాముల జామలో 200 మిల్లీగ్రాములకు పైగా విటమిన్ సి ఉంటుంది, కమలాలో 50 దగ్గర. మన దేశపు సిఫారసు మగవాళ్ళకు రోజుకు 80, ఆడవాళ్ళకు 65 మిల్లీగ్రాములు. అంటే సగం జామకాయతో రోజు గడిచిపోతుంది. డిస్కు బయటి చుట్టు కొలాజెన్‌తో తయారవుతుంది, కొలాజెన్ తయారీకి విటమిన్ సి తప్పనిసరి. సీజన్‌లో నేరేడు, దానిమ్మ, నల్ల ద్రాక్ష తింటే వాటికి ఆ ముదురు రంగునిచ్చే ఆంథోసయనిన్లు దొరుకుతాయి. విదేశాల్లో ఉన్నవాళ్ళు నేరేడు కోసం వెతుక్కోకుండా బ్లూబెర్రీలు తెచ్చుకోండి. రెస్వెరట్రాల్ పల్లీల్లోనూ ఉంది, వేయించినవాటికన్నా ఉడకబెట్టినవాటిలో ఎక్కువ. ప్రయోగాల్లో వాడిన మోతాదుతో పోలిస్తే అది చాలా తక్కువే, అయినా సాయంత్రం మిక్చర్ బదులు ఉప్పేసి ఉడికించిన పల్లీలు ఎలా చూసినా మేలు.

పసుపు విషయంలో ఆశ ఎక్కువ, లెక్క తక్కువ. పసుపులో కర్క్యుమిన్ సుమారు 3 శాతం. తిన్నదాంట్లో రక్తంలోకి వెళ్ళేది చాలా కొంచెం. 1998లో బెంగళూరు సెయింట్ జాన్స్ వైద్య కళాశాల పరిశోధకులు 2 గ్రాముల కర్క్యుమిన్‌తో పాటు 20 మిల్లీగ్రాముల పైపరిన్, అంటే మిరియాల ఘాటు పదార్థం, ఇచ్చి చూస్తే శోషణ ఇరవై రెట్లు పెరిగింది. అయితే ఆ 2 గ్రాముల కర్క్యుమిన్ పసుపు రూపంలో కావాలంటే అరవై గ్రాములకు పైగా తినాలి, అది ఎవరూ చేయకూడని పని. కాబట్టి వంటలో వేసుకునే పసుపునే నూనెలో, మిరియాలతో కలిపి వాడండి. మిరియాల చారు, పెసరపప్పు పొంగలి అందుకు చక్కగా సరిపోతాయి.

నాకు అన్నిటికన్నా నచ్చేది ఆవ పెట్టిన కూర. సల్ఫోరాఫేన్ అనే పదార్థం ఎన్ఆర్ఎఫ్2ను గట్టిగా మేల్కొలిపేవాటిలో ఒకటి. అది బ్రోకలీలో ఎక్కువ, క్యాబేజీలో కొంత. నిజానికి మొక్కలో అది తయారుగా ఉండదు, కోసినప్పుడు మైరోసినేజ్ అనే ఎంజైము పనిచేసి పుట్టిస్తుంది, ఎక్కువసేపు ఉడికిస్తే ఆ ఎంజైము చచ్చిపోతుంది. ఆవాల్లో మాత్రం అదే ఎంజైము ఉంది. ఉడికిన బ్రోకలీ మీద ఆవపొడి చల్లితే సల్ఫోరాఫేన్ పెరుగుతుందని ఇంగ్లండ్‌లో చేసిన ప్రయోగాల్లో తేలింది. మన పెద్దవాళ్ళు రుచి కోసం చేసిన పనే ఇది.

ఇలా చేయండి. క్యాబేజీనో బ్రోకలీనో సన్నగా తరిగి అరగంట అలాగే వదిలేయండి. ఈలోగా ఒకటిన్నర చెంచా ఆవాలు, రెండు ఎండుమిర్చి, చెంచా బియ్యం నానబెట్టి మెత్తగా నూరుకోండి. కూరను నీళ్ళు పోయకుండా మూతపెట్టి, ముక్క ఇంకా కరకరలాడుతుండగానే దించండి. పోపులో పసుపు, ఇంగువ, కరివేపాకు వేసి కలిపి, పొయ్యి ఆపి, గోరువెచ్చగా అయ్యాక నూరిన ఆవ ముద్ద కలపండి. వేడి మీద కలిపితే చేదెక్కుతుంది, ఎంజైమూ దెబ్బతింటుంది. నిమ్మరసం పిండి ఓ పది నిమిషాలు మూత పెట్టి ఉంచితే ఘాటు బాగా పైకొస్తుంది. ముక్కుకు ఎక్కే ఆ ఘాటు కూడా అదే ఎంజైము పనిచేయడం వల్ల వచ్చేదే. థైరాయిడ్ మందులు వాడేవాళ్ళు కూడా వండిన క్యాబేజీని మామూలు మోతాదులో తినొచ్చు.

రక్తం పలచబడటానికి వార్ఫరిన్ లాంటి మందు వాడేవాళ్ళు ఆకుకూరలు ఒక్కసారిగా పెంచకండి. రోజూ ఒకే మోతాదులో తింటూ, మార్చాలనుకుంటే డాక్టరుకు చెప్పి, రక్తం ఎంతసేపటికి గడ్డకడుతుందో చూసే ఐఎన్ఆర్ పరీక్ష చేయించుకోండి. కిడ్నీలో రాళ్ళు వచ్చినవాళ్ళు పాలకూర, పసుపు పొడి అతిగా తీసుకోవద్దు, రెండింటిలోనూ ఆక్సలేట్ ఎక్కువ.

క్యాప్సూల్ కొనే ముందు

మొక్క నుంచి వచ్చింది కదా, ఏం కాదులే అనుకోకండి. గాఢమైన పసుపు సప్లిమెంట్లతో కాలేయం దెబ్బతిన్న కేసులు అమెరికాలో, ఇటలీలో నమోదయ్యాయి. గ్రీన్ టీ సారంలో రోజుకు 800 మిల్లీగ్రాములు, అంతకు మించి ఈజీసీజీ తీసుకుంటే కాలేయ ఎంజైములు పెరగొచ్చని యూరప్ ఆహార భద్రతా సంస్థ 2018లో హెచ్చరించింది. కప్పుల్లో తాగే టీకి ఆ భయం లేదు. పొగ తాగేవాళ్ళకు బీటా కెరోటిన్ అనే మరో మొక్కల యాంటీఆక్సిడెంట్ మాత్రలిచ్చి ఫిన్లాండ్‌లో చేసిన పెద్ద పరీక్షలో ఊపిరితిత్తుల క్యాన్సర్ తగ్గాల్సింది పోయి పెరిగింది. ఆ ఫలితం 1994లో వచ్చింది. ఇంకోటి: విటమిన్ సి, విటమిన్ ఇ మాత్రలు ఎక్కువ మోతాదులో మింగుతూ వ్యాయామం చేస్తే, వ్యాయామం వల్ల శరీరం సొంతంగా పెంచుకునే రక్షణ తగ్గిపోయిందని 2009లో జర్మనీ పరిశోధన చూపింది. కొద్దిపాటి ఆక్సిడేటివ్ తాకిడి ఉంటేనే కణం తన రక్షణను పెంచుకుంటుంది. దాన్ని పూర్తిగా తుడిచేయాలని చూడటం సరికాదు.

అయినా వాడాలనిపిస్తే డబ్బా తీసుకుని డాక్టరు దగ్గరికి వెళ్ళండి. బీపీ, షుగర్, రక్తం పలచబరిచే మందులు, ఫిట్స్ మందులు వాడుతుంటే ఆ చీటీ కూడా తీసుకెళ్ళండి, ఎందుకంటే పైపరిన్ కలిపిన క్యాప్సూల్ ఇతర మందుల మోతాదును రక్తంలో పెంచేయగలదు. గర్భిణులు, కాలేయ జబ్బు ఉన్నవాళ్ళు వద్దు. వాడుతుండగా కళ్ళు పచ్చబడినా, మూత్రం ముదురు రంగుకు మారినా ఆపేసి వెంటనే చూపించుకోండి. ఏ ఆపరేషన్‌కైనా తేదీ ఖరారైతే మత్తు డాక్టరుకు వీటి పేర్లన్నీ చెప్పాలి.

ఎన్నాళ్ళకు, దేన్ని బట్టి చూసుకోవాలి

మళ్ళీ మళ్ళీ ఎంఆర్ఐ తీయించుకోవడం వల్ల ప్రయోజనం లేదు. డిస్కు గుజ్జు చాలా నెమ్మదిగా మారే పదార్థం, రెండు మూడు నెలల్లో స్కాన్‌లో మంచి మార్పు ఆశించకండి. ఒక చిన్న నోట్‌బుక్ పెట్టుకుని నాలుగు విషయాలు రాయండి: ఎంతసేపు నడిచారు, ఎంతసేపు నొప్పి లేకుండా కూర్చోగలిగారు, రాత్రి నొప్పికి మెలకువ వచ్చిందా, కాలి తిమ్మిర్లు ఎక్కడి దాకా పాకాయి. తిమ్మిర్లు పాదం నుంచి తొడకు, తొడ నుంచి నడుముకు వెనక్కి వస్తుంటే అది సాధారణంగా మంచి గుర్తు. కిందికి పాకుతుంటే కాదు.

తొంటి నుంచి కాలికి లాగే నొప్పి చాలామందిలో ఆరు నుంచి పన్నెండు వారాల్లో తగ్గుముఖం పడుతుంది. ఆరు వారాలు దాటినా నోట్‌బుక్‌లో ఏ మార్పూ లేకపోతే దాన్నే పట్టుకుని వెన్నెముక డాక్టరును కలవండి. ఫిజియోథెరపీ మార్చాలా, నరం దగ్గర ఇంజెక్షన్ అవసరమా అన్నది పాత రిపోర్టు కన్నా ఆ పేజీలు చూస్తే ఆయన త్వరగా తేల్చగలుగుతారు.